మూడించుల గాలి

నాలుగు రోజుల కింద ఒక బస్సు కండక్టర్ ప్యాంటు కాళ్ళు కురచ చేయించుకోవడానికి నా షాపుకొచ్చిండు. నేను కింద కూసొని గుర్తులు పెడుతుంటే పైనుంచి అన్నడు.

"మాస్టర్, నీ పాప్ స్టార్ పోయిండట గద! సత్తుపల్లి కాడ. వారం రోజులు జ్వరమట."

నా నోట్లో గుండుపిన్నులున్నయ్. నోట్లో పిన్నులున్నప్పుడు టైలర్ ఏడ్వగూడదు, నవ్వగూడదు. నాకు రెండూ ఒక్కసారే వచ్చినయ్. పిన్నులన్నీ ఒక్కొక్కటే తీసి డబ్బాలో వేసేదాకా మాట్లాడలే.

"నా బస్సుల ఎన్నిసార్లు ఎక్కిండో," అన్నడు కండక్టర్. "ఎన్ని సీట్లు ఖాళీగున్నా కూసునేటోడు కాదు. కోటు నలుగుతదట. భద్రాచలం నుంచి పాల్వంచ దాకా రాడ్డు పట్టుకొని నిలబడుడే. ఎవరన్నా ముసలోళ్ళు పాపమని 'కూసో నాయనా' అంటే, 'స్టార్ కూసోడు' అనేటోడు."

"అవ్," అన్న. "నా షాపుల కూడ కూసోలే. ఆరేళ్ళు నిలబడే ఉన్నడు."

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో వచ్చిండు నా దగ్గరికి. అప్పటికి పాల్వంచ బస్టాండు పక్క సందులో నా షాపు పెట్టి చాలా ఏండ్లయింది. థర్మల్ ప్లాంటు డ్యూటీ డ్రస్సులు, కాలనీ పిల్లల స్కూలు నిక్కర్లు, అడవి ఊర్ల నుంచి సంతకొచ్చే ఆడోళ్ళ జాకెట్లు, ఇవీ నేను కుట్టేటివి. ఆ రోజు జోరు వాన. వానలో నల్ల కళ్ళద్దాలు పెట్టుకొని ఒక సన్నటి మనిషి షాపు ముందు నిలబడ్డడు. అద్దాల మీద నీళ్ళు కారుతున్నయ్. లోపలికి రమ్మంటే గడప యాడుందో కనబడక తలుపుకు గుద్దుకున్నడు. గుద్దుకొని, అద్దాలు తియ్యకుండనే అన్నడు.

"అన్నా, నన్ను చూస్తే జనం కండ్లు మూసుకోవాలె. గసొంటి కోటు కావాలె."

"దేనికి తమ్మీ?"

"పాడనీకి."

"పాడనీకి కోటెందుకు?"

"మరి వినాల్నంటే ముందు చూడాలె గద!"

చంకలోంచి ఒక పోస్టర్ తీసి నా టేబుల్ మీద పరిచిండు. దాని మీద పెద్ద అక్షరాలు: మన్యం ఏకైక పాప్ స్టార్. కింద ఫొటో. పేరు లేదు.

"పేరేది?" అన్న.

"పేరు రాస్తే జనం మనిషే అనుకుంటరన్నా."

అందుకే ఇక్కడ నేను కూడ ఆయన పేరు రాస్తలేను. రాస్తే కోపగించుకునేటోడు.

ఆ రోజు కొలతలు తీసుకున్న. భుజాలు, చేతులు అయినయ్. ఛాతీకి టేపు చుట్టంగనే "ఆగన్నా" అన్నడు. తల ఎనక్కి వంచి గాలి పీల్చిండు. పీల్చిండు, పీల్చిండు, నేను టేపు వదులుతనే ఉన్న. ఇంత సన్నటి మనిషిలో అంత గాలి యాడ పడుతుందో నాకర్థం కాలే. మొఖం ఎర్రగ చేసుకొని, చేత్తోనే 'ఇప్పుడు కొలు' అని సైగ చేసిండు. చూస్తే మొదటి కొలతకన్న మూడించులు ఎక్కువ.

"గాలికి కూడ గుడ్డ కొనాల్నా?" అన్న నేను.

గాలంతా వదిలి చెప్పిండు. "స్టార్‌ల సగం గాలే అన్నా."

నా పనితనం మీద నాకు నమ్మకం ఎక్కువ. మనిషిని బట్టి కుట్టాలె, మనిషి గొప్పల్ని బట్టి కాదని, మూడించులూ తీసేసి ఒంటికి సరిపోను కుట్టిన. అశ్వాపురం కాడ ఒక పెళ్ళిలో పాడిండట. మూడో పాటకు వీపు మీద కుట్టు పై నుంచి కింది దాకా ఫట్టున పగిలిపోయింది. మర్నాడు తెచ్చి నా టేబుల్ మీద పెట్టిండు. తిట్టలే.

"చెప్పిన గద," అన్నడు, అంతే.

అప్పటి నుంచి మూడించులు వదిలిన. కాని నేను దారం మెత్తదనుకున్న. గొంతు గట్టిదనుకోలే.

ఆ కోటుతో మొదలై నాకు పెద్ద పని పడ్డది. ఒకటి నెమలి మెడ రంగు. ఒకటి ఎండలో పెడితే పిల్లులు పారిపోయేంత బంగారు రంగు. ఖమ్మం పోయి చమ్కీలు కిలోల లెక్కన తెచ్చేటోడు. షాపు నిండా చమ్కీలే. ప్లాంటులో పనిచేసే ఒకాయన డ్యూటీ ప్యాంటుకు ఒక చమ్కీ అంటుకొని పోయి, షిఫ్టులో అందరూ ఆయన్ను వారం దాకా 'హీరో' అని పిలిచిండ్రట. మా ఇంట్లో నా భార్య మొత్తుకునేది.

"పప్పుల చమ్కీ, పెరుగుల చమ్కీ. దేవుని ముందర ప్రసాదం పెడితే దాంట్ల చమ్కీ. నువ్వు టైలర్‌వా, డ్రామా కంపెనీవా?"

అన్నిట్లోకి పెద్ద కథ బల్బుల కోటు. ఒక రోజు వచ్చి "అన్నా, కరెంటు తయారుచేసే ఊర్ల ఉండి నా కోటుకు కరెంటు లేకపోతే ఎట్ల?" అన్నడు. నిజమే అనిపించింది. ప్లాంటులో పనిచేసే ఒక కస్టమర్‌ని పిలిస్తే, ఆయన సీరియల్ బల్బులు భుజాల చుట్టు తిప్పి, లోపలి జేబులో బ్యాటరీలు పెట్టి, చేతికి స్విచ్చి ఇచ్చిండు. దుమ్ముగూడెంలో ప్రోగ్రాం. కుట్లు ఏమన్నా ఊడితే చూసుకోవాలని నన్ను కూడ తీసుకపోయిండు. చీకటి పడంగనే స్టేజి ఎక్కి స్విచ్చి నొక్కిండు. జనం ఒక్కసారే 'ఓ' అన్నరు. రెండో పాటకు చెమట పట్టింది. చెమట వైర్లలోకి దిగింది. ఎడమ భుజం బల్బులు పిచ్చి పట్టినట్టు కొట్టుకున్నయ్, తర్వాత సన్నగ పొగ లేచింది. ఆయన ఎగిరిండు. పక్కకు ఎగిరిండు, ఎనక్కి ఎగిరిండు, చెయ్యి గుండ్రంగ తిప్పుకుంట స్టేజి ఆ చివర నుంచి ఈ చివరికి ఉరికిండు. అసొంటి డాన్సు గోదావరి ఒడ్డున ఎవరూ చూసి ఉండరు. ఈలలే ఈలలు. 'వన్స్ మోర్' అని మొత్తుకుంటున్నరు.

స్టేజి ఎనక నేను కోటు విప్పి చూస్తే భుజం మీద అరచేయంత బొబ్బ. ఆయన అద్దాల ఎనక నుంచి నన్ను చూసి అడిగిండు.

"అన్నా, పొగ మళ్ళ గట్లనే రావాల్నంటే ఏం చేయాలె?"

ఇంత చెప్పి పాట గురించి చెప్పలేదంటరేమో. నిజం చెప్పాలంటే ఆ రోజుల్లో నేను ఆయన పాట వినలే. ఎదురుగ నిలబడి కూడ వినలే. ఇంటింత స్పీకర్ డబ్బాలు, సీడీలో దరువులు, మైకులో ఒక మాట నాలుగు మాటలయ్యే మిషను. ఆ చప్పుడుల ఎవరి గొంతు ఎవరిదో దేవుడికే తెల్వాలె. జనమంతా ఒకటే అనేటోళ్ళు, సీడీ పాడుతది, ఈయన పెదవులు ఆడిస్తడు అని. నేను కూడ అదే అనేటోణ్ణి. షాపులో ఎవరన్నా అడిగితే నవ్వుకుంట చెప్పేది: "గొంతు సీడీది, కోటు నాది, నడక ఒక్కటే ఆయనది." పొద్దున్నే బోరింగు కాడ ఉప్పునీళ్ళతోటి అరగంట సేపు గొంతు పుక్కిలించేటోడు. అది కూడ వేషంలో భాగమే అనుకున్న.

కాలనీలో సంగీతం సారు ఒకాయన ఉండె. కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ మనిషి. కాలనీ పిల్లలకు పాఠం చెప్పేటోడు. తెల్ల పంచె, తెల్ల లాల్చీ, లాల్చీకి గుండీలు పోతే తప్ప నా షాపుకు వచ్చేటోడు కాదు. వచ్చినప్పుడల్లా గోడకు వేలాడే చమ్కీ కోటు వైపు వీపు పెట్టి నిలబడేటోడు.

"ఏవయ్యా టైలరూ, ఆ పాప్ స్టార్ నీ దగ్గరే కుట్టించుకుంటాడటగా. పాప్ స్టార్ కాదయ్యా వాడు, పాపిష్టి స్టార్. సంగీతానికి పట్టిన పీడ."

ఆ మాట నోటి నుంచి నోటికి పోయి ఊరంతా పాకింది. పోస్టర్ల మీద పిల్లలు బొగ్గుతోటి 'పాపిష్టి' అని దిద్దేటోళ్ళు. ఆయన అది చూసి కూడ పోస్టర్ మార్చలే. "చదువుతున్నరు గద" అన్నడు.

ఆ ఏడు కాలనీ ఫంక్షన్‌కు పిల్లలు పట్టుబట్టి ఆయన్నే పిలిపించిండ్రు. ముందు వరసలో సంగీతం సారు. సాయంత్రం ప్రోగ్రాం మొదలై రెండు పాటలయినయో లేదో, సారు లేచి స్టేజి ఎక్కి మైకు అందుకున్నడు.

"పిల్లలూ, చప్పట్లు కొట్టదల్చుకుంటే ఆ పెట్టెకి కొట్టండి," అని సీడీ ప్లేయర్‌ని చూపించిండు. "గొంతు అందులో ఉంది. ఈయన దగ్గర ఉన్నదల్లా తళుకు."

జనం నవ్విండ్రు. నేను కూడ నవ్విన. స్టేజి పక్కన సూదీ దారం పట్టుకొని నిలబడి నవ్విన. ఆయన తల తిప్పి నా వైపు చూసిండు. అప్పుడు మొదటిసారి నల్లద్దాలు తీసిండు. మామూలు కండ్లు. కొంచెం భయం భయంగ ఉండే కండ్లు. నా నవ్వు అక్కడనే ఆగిపోయింది.

"సార్," అన్నడు, "సీడీ లేకుంట యాడ పాడమంటరో చెప్పండి."

"వచ్చే నెల రేడియోలో జానపద గాయకులకి ఆడిషన్ ఉంది. మార్కులు వేసే ముగ్గురిలో నేనూ ఒకణ్ణి. అక్కడ మాకు ముఖం కనపడదు, పేరు తెలీదు. వేరే గదిలో కూర్చుని నంబరు వింటాం, పాట వింటాం, అంతే. కోట్లు చెల్లవు. నువ్వు పాసైతే నీ కోటు నేను తొడుక్కుని బజారంతా తిరుగుతాను."

"ఫెయిలైతే స్టార్ మళ్ళ స్టేజి ఎక్కడు," అన్నడు ఈయన. అని, అద్దాలు పెట్టుకొని, మిగిలిన పాటలన్నీ పాడి దిగిండు.

నాకు ఆ రాత్రి నిద్ర పట్టలే. నవ్వినందుకో ఏమో, ఒక తెల్ల చొక్కా గుడ్డ తీసి, ఒక్క చమ్కీ లేకుండ, మంచిగ కుట్టి ఇచ్చిన. "రేడియోకు ఇది తొడుక్కొని పో తమ్మీ, పెద్దమనుషులుంటరు" అన్న. ముద్దుగ మడతపెట్టి సంచిలో పెట్టుకున్నడు. ఆడిషన్ రోజు చూస్తే బంగారు రంగు కోటుతోటి నా ఎంబడి బస్సెక్కిండు.

"చొక్కా ఏది?"

"ఇంట్ల ఉందన్నా. అది తొడుక్కొని అద్దంల చూసుకున్న. గొంతు రాలే."

రేడియో స్టేషన్‌లో వరండా పొడుగుత బెంచీలు. ఒగ్గు కథ చెప్పేటోళ్ళు, కోలాటం పాటలోళ్ళు, భజన మండలి పెద్దమనుషులు, అందరూ తెల్లబట్టల్లో కూసున్నరు. మధ్యలో ఈయన, నిలబడి. కిటికీలోంచి ఎండ కోటు మీద పడి ఎదురు గోడ మీద వందల చుక్కలు ఆడుతున్నయ్. లోపలి నుంచి ఒకాయన వచ్చి నంబర్లు పంచిండు. ఈయనది ఏడు. పంచుకుంట చెప్పిండు, "జానపదాలే పాడాలి. సినిమా పాటలు పనికిరావు."

ఈయన నా చెయ్యి పట్టుకున్నడు.

"అన్నా, నాకు వచ్చేటివన్నీ సినిమా పాటలే."

"ఇంకోటి ఏమన్నా యాద్ జేసుకో."

"మా అమ్మ తునికాకు కోతకు పోయినప్పుడు ఒకటి పాడేది. అది పాటెట్లయితదన్నా? దానికి మ్యూజిక్ కూడ లేదు."

"అదే పాడు," అన్న. వేరే దారి లేక అన్న.

ఏడో నంబరు పిలిచిండ్రు. తోడు రావచ్చా అని అడిగి, చప్పుడు చెయ్యకుండ మూలకు నిలబడతనంటే రమ్మన్నరు. లోపల చల్లటి గది. గోడలకు చిల్లుల అట్టలు. మధ్యలో ఒక మైకు, పక్కన శ్రుతి పెట్టె. అద్దం అవతల రికార్డింగ్ చూసే మేడం చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకొని కూసుంది. ఈయన మైకు ముందు నిలబడంగనే ఆమె మొఖం చిట్లించింది. స్పీకర్లోంచి గొంతు వచ్చింది.

"ఎవరి దగ్గరో గజ్జెలున్నాయి. తీసేయండి."

"గజ్జెలు కాదు మేడం, చమ్కీలు," అన్న నేను.

"ఏవైనా సరే. ఆయన ఊపిరి పీల్చినా గలగలమంటోంది. నేను లైను కలపగానే ఈ చప్పుడంతా లోపల కమిటీకి వినిపిస్తుంది."

ఆ గలగల సంగీతం సారు చెవులకు బాగ తెలుసు. ఒక్క గలగల చాలు, పాట మొదలుపెట్టకముందే ఏడో నంబరు ఎవరో తెలిసిపోతది.

"కోటు విప్పు," అన్న చెవిలో.

"స్టార్ విప్పడు."

"విప్పు తమ్మీ, నీకు దండం పెడత."

విప్పిండు. అద్దాలు కూడ తీసి కోటు జేబులో పెట్టిండు. లోపల బనీను. బనీనుకు పక్కటెముకల కాడ రూపాయి బిళ్ళంత చిల్లు. ఇన్నేండ్లు ఆయనకు కోట్ల మీద కోట్లు కుట్టిన గాని, లోపల ఏమి తొడుక్కుంటడో నేనెప్పుడూ ఆలోచించలే. ఏసీ చలికి మోచేతులు పట్టుకొని వణుకుతున్నడు. నోరు తెరిచిండు. ఏమీ రాలే. మళ్ళ తెరిచిండు. మేడం గడియారం చూసింది.

ఆయన నా వైపు తిరిగి చిన్నగ అన్నడు. "అన్నా, ఛాతీ కొలు."

టేపు నా మెడలోనే ఉంది. అన్నం తినేటప్పుడు కూడ తియ్యను. కోటు ఒక చంకలో ఇరికించుకొని, ఆ బనీను మీద నుంచి టేపు చుట్టిన. "పీల్చు," అన్న. కండ్లు మూసుకున్నడు. పీల్చిండు. టేపు నా వేళ్ళ మధ్య నుంచి జారుకుంట పోయింది. ఒక ఇంచు, రెండు, మూడు. వణుకు ఆగింది. నేను టేపు తీసి, కోటును పసిపిల్లను ఎత్తుకున్నట్టు రెండు చేతుల్లో పట్టుకొని మూలకు పోయిన. కదిలితే చమ్కీలు మోగుతయ్. ముక్కు మీద దురద పుట్టింది. గోక్కోలే.

ఆయన పాడిండు.

ఎట్ల చెప్పాలో నాకు తెల్వదు. సంగీతం నాకు రాదు. అడవిలో ఆకు కోసుకుంట దూరం పోయిన తల్లిని, ఇంటికాడ ఉన్న పిల్లగాడు పిలిచే పాట అది. పెద్ద మాటలు లేవు. ఆకు ఎండిందా, కట్ట కట్టినవా, పొద్దు వాలింది రావే అని అడుగుడే. కింది నుంచి మొదలుపెట్టిండు, పక్కనున్నోడితో మాట్లాడినట్టు. తర్వాత గొంతు లేచింది. అరవలే, లేచింది. లేచి, అక్కడ నిలబడ్డది. శ్రుతి పెట్టె ఒక్కటే తోడు. నేను ఎదురుచూస్తున్న, ఇప్పుడు ఊపిరి తీస్తడు, ఇప్పుడు తీస్తడు అని. తియ్యలే. ఆ మూడించులు యాడికి పోతున్నయో అప్పుడు తెలిసింది నాకు. నేను గొప్పలని కత్తిరించేసిన గుడ్డ గుర్తొచ్చి సిగ్గయింది. అద్దం అవతల మేడం మిషను మీద నుంచి చేతులు తీసి ఒళ్ళో పెట్టుకుంది.

పాట అయిపోయినంక ఆయన కండ్లు తెరిచి మొదలు అడిగిన మాట, "అన్నా, కోటు."

కోటు తొడుక్కోంగనే మళ్ళ స్టార్ అయిపోయి, టీ కొట్టుకు పాలు తాగనీకి పోయిండు. స్టార్ టీ తాగడు. నేను వరండాలో కూసున్న. కొంచెంసేపటికి లోపలి నుంచి సంగీతం సారు బయటికొచ్చిండు. కండ్లద్దాలు తుడుచుకుంటున్నడు. నన్ను చూసి దగ్గరికొచ్చిండు.

"ఏవయ్యా టైలరూ, నువ్విక్కడేంటి? సరే గానీ, ఆ ఏడో నంబరు కుర్రాడెవరో చూశావా?"

"ఏడో నంబరా సార్?"

"ఇరవై ఏళ్ళ నుంచి పిల్లలకి ఊపిరి గురించే చెబుతున్నాను. వీడు ఎక్కడ తీసుకున్నాడో నాకు వినపడలేదయ్యా! ఎవరో ఒద్దికైన పిల్లాడు. మంచి కుటుంబం అయ్యుంటుంది. కనిపిస్తే నా దగ్గరికి పంపు."

"పంపుత సార్."

"ఆ పాపిష్టి స్టార్ కూడా వచ్చాడటగా? పదకొండో నంబరు గొంతు రేకు మీద గీకినట్టుంది. వాడే అయ్యుంటాడు."

పదకొండో నంబరు పెద్దమనిషి మా పక్క బెంచీ మీదనే ఉన్నడు. నేను నాలుక కొరుక్కొని, నవ్వు మింగుకొని, దగ్గు వచ్చినట్టు చేసి బయటికి ఉరికిన.

నెలకు కాగితం వచ్చింది. ఆయనకు ఒక ఊరు అడ్రస్ లేక నా షాపు అడ్రస్ ఇచ్చిండు. పాసయిండు. నేను ఎగిరి గంతేసిన. ఆయన కాగితం మూడుసార్లు చదివి మొఖం చిన్నగ చేసుకున్నడు.

"అన్నా, దీంట్ల పాప్ స్టార్ అని యాడా లేదు. జానపద గాయకుడు అని ఉంది." ఇంకొంచెం కిందికి చూసి, "పేరు కూడ రాసిండ్రు!"

కాగితం పట్టుకొని ఇద్దరం కాలనీకి పోయినం. సంగీతం సారు వరండాలో పిల్లలకు పాఠం చెబుతున్నడు. కాగితం తీసుకొని చదివిండు. దాని మీద ఏడో నంబరు అని ఉంది. కాగితం చూసిండు, కోటు చూసిండు, మళ్ళ కాగితం చూసిండు. పక్కనున్న కుర్చీలో కూలబడ్డడు.

"నువ్వా?"

"స్టార్," అన్నడు ఈయన.

సారు కాగితం మడతపెట్టి తిరిగిచ్చిండు. తర్వాత కోపంగనే అడిగిండు. "అంత గొంతు పెట్టుకుని ఈ వేషమెందుకయ్యా నీకు?"

ఈయన అద్దాలు తీసి చేతిలో పట్టుకున్నడు. "సార్, మా అమ్మ నాకన్న మంచిగ పాడేది. పక్కన ఆకు కోసేటోళ్ళు తప్ప ఒక్కరు వినలే. ఆమెకు కోటు లేకుండె."

సారు లాల్చీ అంచు సర్దుకొని లేచి నిలబడ్డడు.

"ఏదీ, కోటిలా ఇవ్వు."

"వద్దులెండి సార్," అన్న నేను మధ్యలో. స్టార్ నా వైపు ఉరిమి చూసిండు. "మాట మాటే అన్నా," అని, కోటు విప్పి సారుకు తనే తొడిగి, కాలరు సరిచేసి, అద్దాలు కూడ పెట్టిండు. తెల్ల పంచె మీద బంగారు కోటు. కాలనీ గేటు నుంచి బస్టాండు దాకా నడిచినం. ముందు సారు, పక్కన బనీనుతో స్టార్, ఎనక నేను, మా ఎనక సగం పాల్వంచ. షిఫ్టు దిగి వచ్చే బస్సులు ఆగిపోయినయ్. మొదట సారు తల దించుకొని నడిచిండు. మిఠాయి కొట్టు దాటినంక తల ఎత్తిండు. సినిమా హాలు కాడికి వచ్చేసరికి ఎవరో ఈల వేస్తే చెయ్యి ఊపిండు.

"ఇది తొడుక్కుంటే ఏదో ధైర్యంగా ఉందయ్యా," అన్నడు నా చెవిలో. "బరువెంతుంటుంది?"

తర్వాత సారు దగ్గరికి పాఠానికి నాలుగు రోజులు పోయిండు. ఐదో రోజు సారు అద్దాలు తియ్యమంటే మానేసిండు. మళ్ళ పెళ్ళిళ్ళు, మళ్ళ స్పీకర్ డబ్బాలు, మళ్ళ పోస్టర్లు. కాని ఇప్పుడు ప్రతి ప్రోగ్రాంలో ఒక పాటకు సీడీ బంద్ చేయించేటోడు. కొన్నేండ్లకు సత్తుపల్లి దిక్కు మారిపోయిండు. అక్కడ ఎవరన్నా టైలర్ దొరికిండో, దొరికితే మూడించులు వదిలిండో లేదో నాకు తెల్వదు.

నాకు మాత్రం ఆయన పేరు చెప్పంగనే స్టేజి యాదికి రాదు. రేడియోలో ఆయన పాట మొదటిసారి వచ్చిన పొద్దు యాదికొస్తది. టైము ముందే చెప్పిండ్రు. ఆ టైముకు అరగంట ముందే నెమలి మెడ రంగు కోటు, కొత్త బూట్లతోటి నా షాపుకు వచ్చి నిలబడ్డడు. రేడియోలో మనిషి కనబడడు గాని, వినేటప్పుడు తను మంచిగ ఉండాలట. షాపులో అప్పటికే ఒక ముసలవ్వ ఉంది. దుమ్ముగూడెం అవతలి ఊరు. జాకెట్ కుట్టుడు అయ్యేదాకా గడప కాడ కూసుంది. ఆయన్ను కింది నుంచి పై దాకా ఒకసారి చూసి మొఖం తిప్పుకుంది.

పాట వచ్చింది. నేను మిషను ఆపిన. అవ్వ చెంపకు చెయ్యి పెట్టుకొని వింటుంది. పాట సగంలోకి వచ్చినంక, రేడియో దిక్కే చూసుకుంట అంది.

"ఎవరో పాపం, తల్లి పోయినోడు. పోయినంక పిలుస్తున్నడు బిడ్డా."

నేను ఉండబట్టలేక 'అవ్వా, గిదో' అని చెప్పబోయిన. ఆయన వేలు పెదవి మీద పెట్టుకున్నడు. పోస్టర్ మీద తనను తను మన్యం ఏకైక అని రాసుకునే మనిషి, నన్ను చెప్పొద్దన్నడు. అద్దాల కింది నుంచి చెంప మీద ఒక తడి గీత దిగింది. తుడుచుకోలే.

పాట అయిపోయింది. వేరే ఎవరో వార్తలు చదువుతున్నరు. అవ్వ కొంగుతోటి కండ్లు ఒత్తుకొని, అప్పుడు ఈయన దిక్కు తిరిగింది.

"నువ్వేం పని చేస్తవు బిడ్డా?"

"కోట్లు తొడుక్కుంట అవ్వా."

"అదొక పనేనా?"

"అవ్ అవ్వా," అన్నడు. "ఎండకాలం మస్తు కష్టం."